ఎవరు, ఎవరికి, ఎక్కడి నుంచి

శనివారం సాయంత్రాలు చర్చి వెనక గదిలో, కొత్తగా నమ్మకంలోకి వచ్చినవాళ్ళు బైబిలు చదువుకోవడానికి కూర్చుంటారు. ఆ గదిలో ఒకటే ఫ్యాను. తిప్పితే పేజీలు లేస్తాయి, ఆపితే మనుషులు లేస్తారు. అందుకని ప్రతివాళ్ళూ ఒక మోచెయ్యి పుస్తకం మీద ఆనించి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. వాళ్ళకు చదవడం నేర్పే పెద్దావిడను అందరూ ట్రంకాలమ్మ అంటారు. ఎందుకంటారో కుర్రవాళ్ళకు తెలియదు. ట్రంకాల్ అంటే ఏదో ఊరి పేరు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

ఒక వారం ఒక లారీ డ్రైవరు, ఆ మధ్యే బాప్తిస్మం తీసుకున్నవాడు, పేజీలో వేలు పెట్టుకుని సిద్ధంగా వచ్చాడు.

“అమ్మా, కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని ఇందులోనే ఉందండి. మా ఆవిడకి మీ ఎదురుగానే చూపిద్దామని ఆగాను.”

“ఎవరు మాట్లాడుతున్నారక్కడ?” అంది ట్రంకాలమ్మ.

“దేవుడు గదండీ.”

“తొందరపడకు. ఆ ఉత్తరం మొదటికి వెళ్ళి చూడు.”

అతను వెనక్కి తిప్పాడు. “పౌలు.”

“ఎవరికి రాస్తున్నాడు?”

“తిమోతికి.”

“తిమోతికి ఏమైంది?”

అతను మళ్ళీ వేలు పెట్టిన చోటికి వచ్చి గొణిగాడు. “మాటిమాటికీ ఒంట్లో బాగుండదట.”

“మరి నీకేమైంది?”

వెనక వరసలోంచి అతని భార్య అందుకుంది. “ఆయన కడుపుకేంటమ్మా, రాళ్ళేసినా అరుగుతాయి.”

గదంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వి, వేలు తీసేశాడు.

ఎవరు, ఎవరికి, ఎక్కడి నుంచి. ఈ మూడు ప్రశ్నలూ ఆమె ఏ బైబిలు కళాశాలలోనూ నేర్చుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేర్చుకుంది. నేర్చుకుని రోజంతా వాడుతూ కూడా, పుస్తకం దగ్గరికి వచ్చేసరికి చాలాకాలం వాటిని పక్కన పెట్టేసింది. అలా పక్కన పెట్టినందుకు కన్నతండ్రిని పోగొట్టుకున్నంత పనైంది.

అప్పట్లో దూరంలో ఉన్నవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలంటే మధ్యలో ఒక మనిషి కలపాలి. దాన్నే ట్రంకాల్ అనేవాళ్ళు, ఒక్కోదానికి ఇచ్చేది మూడు నిమిషాలు. ఎక్స్ఛేంజి పెద్ద హాల్లో పొడుగాటి బోర్డు, దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు, ముందు బల్లమీద తీగలకు వేలాడే ప్లగ్గులు. ఆడవాళ్ళు బారుగా ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని, చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, ఒకళ్ళ మోచేతులు ఒకళ్ళకు తగులుతుండగా పనిచేసేవాళ్ళు. ట్రంకాల్ అడిగినవాళ్ళను ముందు మూడు ముక్కలు అడగాలి. మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఎక్కడి నుంచి. చీటీ మీద రాసుకుని లైను కలిపాక, ఒక్క క్షణం మధ్యలోకి వెళ్ళి రెండువైపులా వినిపిస్తోందో లేదో చూసి బయటికి రావాలి. అంతే. వినకూడదు.

వినకూడదన్నది నియమం. ఆ ఒక్క క్షణంలో చెవిన పడేది పడుతుంది. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఆ పడిన ముక్క చెప్పి, దాని వెనక కథ ఊహించడం వాళ్ళకో ఆట. ఆ ఆటలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఒక మాట చాలు, ముందూ వెనకా అల్లేసేది. పక్క స్టూలు మీది అమ్మాయి అనేది, “నువ్వు ఇవ్వాల్సింది లైన్లు కాదే, సినిమాలకి కథలు.”

ఒకరోజు ఆమె మొహం పాలిపోయి, అన్నం గిన్నె కూడా తెరవలేదు. సూపర్‌వైజరు గమనించింది. ఆవిడను అందరూ పెద్ద మేడం అనేవాళ్ళు. నడుం మీద చేతులు పెట్టుకుని స్టూళ్ళ వెనక నడుస్తుంటే ఎవరి మాట ఎక్కడ తడబడిందో వీపు చూసి చెప్పేది.

“ఏమైందే?”

“మేడం, పోలీసులకి చెప్పాలేమో. ఒకాయన అంటున్నాడు, ముసలాయన నిద్ర లేచేలోపు పనైపోవాలి, ఆనవాలు కూడా మిగలకూడదని.”

“అవతల నంబరు ఎవరిది?”

“చూడలేదు.”

“చీటీ రాసింది నువ్వే కదా.”

ఆమె వెళ్ళి చీటీ తెచ్చింది. పెద్ద మేడం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. “అవతలిది కుర్చీల కొట్టు. ఇవతల మాట్లాడింది ఆ ముసలాయన అల్లుడు. ఆయన పడకకుర్చీ ఎప్పుడో విరిగిపోయింది, కూర్చుంటే పడతాడు, పారేయనివ్వడు. పడుకున్నప్పుడు పాతది మాయం చేసి కొత్తది పెట్టాలని వారం నుంచి ఫోన్లు చేస్తున్నాడు. అన్నం తిను.”

ఆ తర్వాత చాలాకాలం ఎవరైనా తొందరపడి ఏమన్నా అంటే, హాల్లో ఎవరో ఒకరు “కుర్చీల కొట్టు” అనేవాళ్ళు.

ఆమె తండ్రి బోర్డులు రాసేవాడు. కొట్ల బోర్డులు, బడి గోడల మీద మంచి మాటలు, బస్సుల మీద ఊళ్ళ పేర్లు. నిచ్చెన మీద నిలబడి చెవి వెనక కుంచె పెట్టుకుని, గీత కూడా గీసుకోకుండా తిన్నగా రాసుకుపోయేవాడు. భార్య పోయాక కూతుర్నీ కొడుకునీ ఆ నిచ్చెన మీద నిలబడే పెంచాడు. చర్చివాళ్ళు కూడా ఆయన్నే పిలిచేవాళ్ళు. ఏ వాక్యం రాయాలో చూసుకోవడానికి ఒక పాస్టరుగారు ఆయనకు బైబిలొకటి ఇచ్చారు. తిరిగివ్వబోతే ఉంచుకోమన్నారు. ఆయన దాన్ని రంగు డబ్బాల పక్కన పెట్టుకునేవాడు. పని పడినప్పుడు తెరిచి, గోడకు సరిపడా మాట చూసుకుని, మూసేసేవాడు. నమ్మకం, అపనమ్మకం ఏమీ లేవు. అది ఆయన సామాన్లలో ఒకటి.

చిన్నప్పుడు ఆమె చదవడం నేర్చుకున్నది ఆ గోడల మీదే. నాన్న నిచ్చెన మీద ఉంటే, కింద నీడలో నిలబడి అక్షరం తర్వాత అక్షరం పలికేది. వాక్యం పూర్తయ్యేలోపు తర్వాతి మాట ఏమై ఉంటుందో చెప్పమని నాన్న అడిగేవాడు. చెప్పగలిగితే కుంచె చేతికిచ్చి చివరి చుక్క పెట్టనిచ్చేవాడు. ఆ గోడల మాటలే పెద్దయ్యాక ఆమెను చర్చి లోపలికి తీసుకెళ్ళాయేమో. ఒక ఆదివారం వెళ్ళింది, మళ్ళీ వెళ్ళింది, ఒక ఏడాది తర్వాత బాప్తిస్మం తీసుకుంది. నాన్నకు చెప్పలేదు.

ఆయనకు ఆ సంగతి టీకొట్టు దగ్గర తెలిసింది.

“మా అమ్మాయేనా, ఇంకెవరైనా అయ్యుంటుందిలే అన్నాను వాడితో,” అన్నాడు ఇంటికొచ్చి. “వాడు నవ్వాడు. ఊళ్ళోవాళ్ళందరికీ లైన్లు కలిపేదానివి, నాకో మాట చెప్పడానికి నీకు లైను దొరకలేదా?”

ఆమె ఏదో అంది. ఆయన మరొకటి అన్నాడు. మాటా మాటా పెరిగి, చివరికి ఆయన రంగు డబ్బాల పక్కనుంచి బైబిలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “ఇది నీకే పనికొస్తుంది. తీసుకెళ్ళు. నేను పిలిస్తే తప్ప ఇటు రాకు.”

ఆయన పిలవడని ఇద్దరికీ తెలుసు. ఇద్దరిదీ ఒకే మొండితనం.

ఆమె పనిచేసే ఆడవాళ్ళు ఉండే ఒక హాస్టల్లో మంచం తీసుకుంది. బైబిలు ఎలా చదవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటి పేజీ నుంచి నవలలా మొదలుపెడితే, ఎవరు ఎవరిని కన్నారో చెప్పే పేర్లలోనే నిద్రొచ్చేసింది. అప్పుడు తనకు చేతనైన పద్ధతి పట్టుకుంది. పొద్దున్నే లేచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి, మొదట కంటపడిన మాట ఆ రోజుకు దేవుడు తనకు పంపిన కబురు అనుకునేది. ఎక్స్ఛేంజిలో లైను మధ్యలోకి వెళ్ళి వచ్చినట్టే. ఒకరోజు ఇంటి గోడకు బూజు పడితే గీకి బాగుచేయమన్న ధర్మశాస్త్రం మాట వచ్చింది. ఆమె సెలవు రోజంతా హాస్టలు గోడలు గీకి సున్నం పూసింది.

“మీ దేవుడు సున్నాలు కూడా వేయిస్తాడా?” అంది పక్క మంచం అమ్మాయి. “ఆయన్ని అడిగి బాత్రూం సంగతి కూడా కనుక్కో.”

ఆమె నవ్వలేదు. ఆ రోజుల్లో ఆమెకు అవి నవ్వుకునే సంగతులు కావు. తనకోసమే ఎవరో మాట్లాడుతున్నారన్న సంతోషం ముందు సున్నం పని ఎంత.

వానలు మొదలైన రోజుల్లో తమ్ముడు ఎక్స్ఛేంజికి ఫోన్ చేశాడు. “అక్కా, నాన్న నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి దగ్గర విరిగింది. ఆపరేషన్ అంటున్నారు. ఈ వయసులో ఎలా ఉంటుందో చెప్పలేం అంటున్నారు.”

“నన్ను రమ్మన్నాడా?”

“నాన్న సంగతి నీకు తెలీదా? నేను రమ్మంటున్నా.”

మర్నాడు పొద్దున్న ఆమె చాలాసేపు ప్రార్థన చేసి, వెళ్ళాలా వద్దా అని అడిగి పుస్తకం తెరిచింది. లూకా సువార్తలో తెరుచుకుంది. తండ్రిని పాతిపెట్టి వస్తాను, సెలవివ్వమన్న ఒక మనిషితో, ఆ పని వేరేవాళ్ళకు వదిలేసి నువ్వు నా పని మీద వెళ్ళమని యేసు చెప్పిన మాట కంటపడింది. మూసేసి, ఏడ్చి, మళ్ళీ తెరిచింది. అదే పేజీ. ఆపైన ఇక అడగడానికేముంది. తమ్ముడికి రావడం లేదని చెప్పింది.

దాన్ని దేవుడి మాట అనుకుంది. ఆ మాట తన కోపానికి ఎంత చక్కగా సరిపోయిందో మాత్రం అప్పుడు గమనించలేదు.

రోజులు గడిచాయి. ఆపరేషన్ అయిందని, జ్వరం తగ్గడం లేదని, అన్నం సయించడం లేదని తమ్ముడి కబుర్లు వస్తూనే ఉన్నాయి. బోర్డు దగ్గర ఆమె ఒకరి లైను ఇంకొకరికి కలిపేసింది. పెళ్ళికి పిలుస్తున్నవాడికి అవతల సిమెంటు బస్తాల ధర వినిపించింది. పెద్ద మేడం హెడ్‌సెట్టు తీయించి, వరండాలో నీళ్ళ కుండ పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆవిడ పుట్టుకతోనే చర్చి మనిషి. కానీ పనిచేసేచోట ఎప్పుడూ ఆ ఊసెత్తేది కాదు.

ఆమె అంతా చెప్పింది. సంచీలోంచి బైబిలు తీసి చూపించింది.

పెద్ద మేడం దాన్ని వెంటనే చదవలేదు. “ఇదెవరు మాట్లాడుతున్నారు?” అంది.

“యేసు ప్రభువు.”

“ఎవరితో?”

“ఒకతనితో. పేరు లేదు.”

“ఎక్కడి నుంచి?”

ఆమెకు తెలియలేదు. ఆ పేజీలో ఆ మాట తప్ప పైనా కిందా ఏదీ చదవలేదు.

“కుర్చీల కొట్టు,” అంది పెద్ద మేడం, మెల్లగా, నవ్వకుండా. “పైనుంచి చదువు. నాకు వినిపించేలాగా.”

ఆమె వెనక్కి వెళ్ళి చదివింది. ఆయన యెరూషలేముకు వెళ్ళడానికి మనసు గట్టిచేసుకుని బయల్దేరాడు. అక్కడ తన చావు ఉందని ఆయనకు తెలుసు. దారిలో ఒక ఊరు ఆయన్ని రానివ్వలేదు. నక్కలకు బొరియలున్నాయి, తనకు తల వాల్చే చోటు కూడా లేదన్నాడు. ఆ దారి మీద నడుస్తూ ఒకతన్ని వెంట రమ్మని పిలిచాడు. ఆ మాట అతనితో అన్నది.

“కఠినమైన మాటే,” అంది పెద్ద మేడం. “మెత్తగా చేసి చెప్పను. ఇన్నేళ్ళుగా చదువుతున్నా, నాకూ పూర్తిగా మింగుడుపడలేదు. కానీ ఆయన అతన్ని ఒక దారిలోకి పిలిచాడు. వెళ్ళాల్సిన చోటు ఉంది, చేయాల్సిన పని ఉంది. నిన్ను ఎక్కడికి పిలిచాడు? నాన్నని వదిలి నువ్వు ఎక్కడికి వెళ్ళావు?”

“హాస్టలుకి,” అంది ఆమె.

“హాస్టలుకి.” ఆవిడ ఆ మాటే మళ్ళీ అంది. “ఈయనే ఇంకోచోట కొందరి మీద విసుక్కున్నాడు. అమ్మానాన్నలకి ఇవ్వాల్సింది దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి వాళ్ళకి ఎగ్గొట్టేవాళ్ళ మీద. చావబోతూ వాళ్ళమ్మని ఒకరికి అప్పజెప్పి మరీ పోయాడు. ఒక మనిషి మాట అర్థం కాకపోతే, ఆ మనిషే వేరేచోట ఏమన్నాడో కూడా చూడాలి కదా. మన పని అదేగా.”

“రెండుసార్లు తెరిచాను మేడం. రెండుసార్లూ అదే పేజీ వచ్చింది.”

పెద్ద మేడం పుస్తకం అందుకుని, మూసి, ఒళ్ళో నిలబెట్టి వదిలేసింది. అది దానంతటదే తెరుచుకుంది. అదే పేజీ. ఆవిడ వంగి చూసింది. ఎదుటి పేజీ అంచున నీలం రంగు బొటనవేలి ముద్ర ఉంది. రంగు ఎండి గట్టిపడి, పుస్తకం అక్కడే తెరుచుకునేలా విరిగినట్టు అయిపోయింది. ముద్ర పక్కన ఉన్నది, పంట కోతకు సిద్ధంగా ఉందనీ కోసే మనుషులే చాలరనీ చెప్పే మాట.

“ఇదెవరి వేలు?”

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. చర్చి ప్రహరీ గోడ. నీలం అక్షరాలు. నిచ్చెన మీద నాన్న, ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో బొటనవేలితో తెరిచి పట్టుకున్న ఈ పుస్తకం. కింద నీడలో తను. చివరి చుక్క తనే పెట్టింది.

“మా నాన్నది,” అంది.

పెద్ద మేడం సెలవు చీటీ తనే రాసిచ్చింది.

ఆమె వెళ్ళేసరికి తండ్రి కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. చిక్కిపోయి, గడ్డం పెరిగి, సగమై ఉన్నాడు. నడుం నుంచి కాలి దాకా కట్టు. ఆ కట్టు మీద ‘ముట్టుకోరాదు’ అని కొట్ల బోర్డుల మీద లాగా నీడ దిద్దిన అక్షరాలతో రాసి ఉంది.

“చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ నొప్పుందా అని నొక్కి చూస్తున్నారక్కా,” అన్నాడు తమ్ముడు. “జ్వరంలోనే కుంచె తెమ్మని రాసుకున్నాడు.”

తండ్రి ఆమెను చూశాడు. చూసి కూడా, “ఎవరు?” అన్నాడు.

“నేనే నాన్నా.”

“నేనంటే? ఎక్కడి నుంచి?”

రోజంతా పలికే మాటలు నోటికి వాటంతటవే వచ్చాయి. “మీ అమ్మాయి లైన్లో ఉందండి. మాట్లాడతారా, తీసేయమంటారా?”

తమ్ముడు గ్లాసు కడిగే వంకతో బయటికి వెళ్ళాడు.

“మీరిచ్చేది మూడు నిమిషాలేగా,” అన్నాడు తండ్రి. “కూర్చో.”

ఆమె మంచం అంచున కూర్చుంది.

“దేవుడి మీద నాకేం కోపం లేదు,” అన్నాడు. “ఆయన గోడలు రాసే మిమ్మల్ని పెంచాను. టీకొట్టువాడి నోట వినాల్సొచ్చిందే, అదీ.”

“చెబితే వద్దంటావనుకున్నాను.”

“అనేవాణ్ణే. అయినా చెప్పాల్సింది.”

“చెప్పాల్సింది,” అంది ఆమె.

కాసేపటికి ఆయన సంచీ వైపు చూశాడు. “అందులో నా పుస్తకమేనా?”

ఆమె తీసి ఆయన పక్కన పెట్టింది. అది మామూలుగానే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది. ఆయన ముద్ర మీద బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. వేలు సన్నబడింది. చుట్టూ నీలం అంచు మిగిలింది.

“చర్చి గోడ,” అన్నాడు. “రంగు చాలక పలచన చేశాను ఆ రోజు. అందుకే కారింది. దీనికి ముందేముంటుంది? నాకు గోడ ఎంతుందో అంతే తెలుసు.”

ఆమె పైనుంచి చదివింది. తల వాల్చే చోటు లేదన్న మాట దగ్గర ఆయన ఆపాడు. “ఇల్లు కూడా లేనాయనకి అంత పెద్ద బిల్డింగు కట్టారు. దానికి రెండు పూతల రంగు నేనే వేశాను.” తర్వాతి మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఆయన ఎదురుచూశాడు. ఆమె చదివేసింది, తండ్రిని పాతిపెట్టి వస్తానన్న మనిషి సంగతి, ఒక్క ముక్క వదలకుండా.

తండ్రి ముద్ర మీంచి వేలు తీశాడు.

“ఇది పట్టుకునేనా ఇన్నాళ్ళూ రాలేదు?”

“అవును నాన్నా.”

“ఊ.” ఆయన కట్టు మీది అక్షరాలను సవరిస్తున్నట్టు వేలితో రాశాడు. “ఇంతకీ ఆ అబ్బాయి ఏం చేశాడు? వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాడా, ఈయన వెనక వెళ్ళాడా?”

ఆమె కింద చదివింది, పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. “రాయలేదు.”

“రాయలేదా,” అన్నాడాయన. కొంచెం ఊరట ఉంది ఆ గొంతులో. “సరే, తర్వాత చదువు.”

జ్వరం తగ్గింది. ఆయన మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు గాని, ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. బాప్తిస్మం తీసుకోలేదు, ఆమె అడగలేదు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా తను రాసిన గోడలు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని, దాని ముందేముంది, వెనకేముంది అని చదివించుకునేవాడు. కొన్నిచోట్ల “ఇది తెలిసుంటే ఈ అక్షరాలు ఇంత పెద్దగా రాసేవాణ్ణి కాదు” అనేవాడు. కొన్నిచోట్ల మళ్ళీ చదవమనేవాడు.

తర్వాత ఎక్స్ఛేంజి బోర్డులు తీసేశారు. పెద్ద మేడం పోయింది. ఆ ప్రహరీ గోడను రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పడగొట్టారు.

పుస్తకం మాత్రం శనివారాలు ఆ వెనక గది బల్ల మీద ఉంటుంది. ఫ్యాను తిరిగినప్పుడు అందరి పేజీలూ లేస్తాయి. ట్రంకాలమ్మ పుస్తకం ఒక్కటే ఎన్నిసార్లు లేచినా మళ్ళీ వచ్చి అదే పేజీ దగ్గర వాలుతుంది. డ్రైవరు ఒకసారి అది చూసి, ఈ పేజీయే ఎందుకమ్మా, ఏమైనా విశేషమా అని అడిగాడు.

“అక్కడ మా నాన్న ఉన్నాడు,” అంది ఆమె. ఆ మాట అతనికి ఏమీ అర్థం కాలేదని చూసి, పక్కనున్న కుర్చీ చూపించింది. “కూర్చో. మొదటి నుంచి చెప్తాను.”